బియ్యం డ్రమ్ము కింది పసుపు పుస్తకం

నల్లా దగ్గర షైని పళ్ళు తోముకుని ఉమ్మిన నురుగు ఎర్రగా ఉంది. గచ్చు మీద ఒక్క క్షణం ఆగి మోరీలోకి జారిపోయింది. నేను బియ్యం కడుగుతున్న గిన్నె అక్కడే పెట్టి లేచాను.

"ఏంది బిడ్డా అది?"

"బ్రష్ గట్టిగ తాకిందమ్మా. పొద్దుగాల్నే షురూ చెయ్యకు."

"నోరు తెరువు, చూస్త."

"కంపెనీ బస్సు పోతది."

నోరు తెరవలేదు. చెంబెడు నీళ్ళు కుమ్మరించి ఆ ఎరుపును కడిగేసి, చున్నీ మెడదాకా కప్పుకుని వెళ్ళిపోయింది. గడప దగ్గర చాయ్ తాగుతున్న మా ఆయన సాలోమోను నవ్వాడు.

"మళ్ల బీట్‌రూటేనా?"

ఆ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది. నిరుడు షైనికి మూత్రం ఎర్రగా వచ్చిందని నేను ఆటో కట్టుకుని దవాఖానకు ఉరికితే, డాక్టరు రెండు ప్రశ్నలడిగి, ముందురోజు బీట్‌రూట్ కూర తిన్నారా అన్నాడు. అప్పటి నుంచి నేను దేనికి భయపడినా తండ్రీ బిడ్డా కలిసి బీట్‌రూట్ అంటారు. నిజమే, ఫోను మోగితే నాకు ముందు అంబులెన్సే కనబడుతుంది. కానీ నేను పుట్టుకతో ఇలా లేను. షైనికి తొమ్మిదేళ్ళప్పుడు జ్వరం వచ్చి కీళ్ళన్నీ వాచాయి. ఎదిగే పిల్లకు నొప్పులు మామూలేనని అందరూ అంటే నేనూ నిమ్మళంగా ఊరుకున్నాను. ఆ జ్వరమే లోపల్లోపల గుండె కవాటాన్ని తినేసిందని దానికి ఇరవై ఏళ్ళు వచ్చాక తెలిసింది. భయపడాల్సిన ఒక్కసారీ భయపడలేదు. అందుకని ఇప్పుడు అన్నిటికీ భయపడుతున్నాను.

మూడేళ్ళ కిందట సిటీలో పెద్ద దవాఖానలో కవాటం తీసేసి లోహపుది పెట్టారు. పక్కన కూర్చుంటే చేతి గడియారంలా టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. ఇంటికి పంపే రోజు అక్కడి సిస్టరు ఒక చిన్న పసుపు పుస్తకం నా చేతిలో పెట్టింది.

"గీ కవాటం మీద రక్తం గడ్డ కట్టకుండ బతికినన్ని దినాలు రక్తం పల్చన చేసే గోలి ఏసుకోవాలె. తక్కువైతే గడ్డ కడతది, ఎక్కువైతే రక్తం కారుతది. వేరే గోలీలు కొన్ని దీంతోని కలిస్తె దీని జోరు పెరుగుతది. అందుకే పంటి డాక్టరైనా సరే, జరం చూసే డాక్టరైనా సరే, ముందుగాల గీ పుస్తకం బల్ల మీద పెట్టాలె. తర్వాతనే కుర్చీల కూసోవాలె. తెలిసిందా?"

తెలిసింది. నేను ఏడో తరగతి దాకా చదివాను. పుస్తకం వెనక ఉన్న ఫోను నంబరు కూడా కూడబలుక్కుని చదివాను.

ఆ పుస్తకం మూడేళ్ళు బియ్యం డ్రమ్ము కింద ఉంది. ఎందుకుందో చెప్పాలంటే నా నోట్లో నాకే రోత పుడుతుంది. అయినా చెప్పాలి.

ఆపరేషన్ అయిన రెండో నెల, రావల్కోల్ రోడ్డు మీద ఉన్న మా రేకుల చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నాకంటే ముందు గండిమైసమ్మ నుంచి వచ్చిన ఒకామె లేచింది. తన కడుపులో గడ్డ కత్తి తగలకుండానే కరిగిపోయిందని చెప్పింది. అందరూ చేతులెత్తి స్తోత్రం అన్నారు. తర్వాత నేను మైకు పట్టుకుని నా బిడ్డకు ఆపరేషన్ అయింది, దేవుడు బతికించాడు అన్నాను. స్తోత్రం వచ్చింది కానీ పల్చగా వచ్చింది, నీళ్ళు కలిపిన మజ్జిగలా. నా బిడ్డ చావు దాకా వెళ్ళి వస్తే ఇంతేనా అనిపించింది. అప్పుడు నా నోరు ఇంకో మాట పుట్టించింది.

"ఇగ మందుల్లేవు, డాక్టర్లు లేరు. నా షైని మొత్తానికి బాగైంది!"

రేకులు అదిరిపోయాయి. పాస్టరమ్మ రోజీ అమ్మగారు వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. ఆ మాట నా నాలుక మీద బెల్లంలా కరిగింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తీపే రోత.

ఆ రోజు నుంచి గోలీలు విటమిన్ సీసాలోకి, పుస్తకం బియ్యం డ్రమ్ము కిందికి పోయాయి. నెలనెలా పుస్తకాన్ని సంచి అడుగున పెట్టుకుని రక్తపరీక్షకు సిటీకి పోతూ, చుట్టాలింటికి పోతున్నామని వాడకట్టులో చెప్పాను. షైని ఒకసారి అడిగింది, "అమ్మా, గోలి ఏసుకునుడు పాపమా?" అని. "పాపం కాదు బిడ్డా, చెప్పుకునుడు ఎందుకని" అన్నాను. ఎంత తెలివి నాకు!

ఈ వేసవిలో చర్చి ఆవరణలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. షైని బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, ఎనిమిది గంటలు నిలబడే పని. మోకాళ్ళు పీకుతున్నాయంటే తీసుకెళ్ళాను. బల్ల వెనక ఎముకల డాక్టరు. ఆయన పక్కనే పేర్లు రాస్తూ రోజీ అమ్మగారు.

"ఏమన్న మందులు వాడుతున్నవామ్మా?" అన్నాడు డాక్టరు.

షైని నా మొహం చూసింది. నేను రోజీ అమ్మగారి పెన్ను చూశాను.

"ఏం వాడ్తలేదు సార్" అన్నాను నేను.

"మా షైని సాక్ష్యం బిడ్డ సార్" అన్నారు అమ్మగారు మురిసిపోతూ.

షైని చున్నీని మెడ దగ్గర ఇంకా పైకి లాక్కుంది, ఛాతీ మీది ఆపరేషన్ గీత కనబడకుండా. పది రోజులకు నొప్పి గోలీలు రాసిచ్చాడు. పాపం, ఆయన తప్పు ఏముంది? అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

అయితే అందరూ ఆయనలాంటి వాళ్ళు కాదు. తర్వాత వారం షైనికి నడుము చుట్టూ తామర లేచింది. చెమట, పైన కంపెనీ ప్లాస్టిక్ కోటు. మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద చర్మం డాక్టరు దగ్గరికి పోయాము. అక్కడ చర్చి వాళ్ళు ఎవరూ లేరు, అందుకని నాకు ధైర్యం వచ్చింది.

"సార్, పిల్లకు గుండె..." అన్నానో లేదో, ఆయన తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను చర్మం డాక్టర్ని. గుండె సంగతి గుండె డాక్టర్‌కు చెప్పుకో. నెల రోజులు గోలీలు, పూత మందు. బైట మన షాపులనే తీసుకోండి, వేరే కాడ దొరకవు. నెక్స్ట్!"

రెండు నిమిషాలు కూడా కాలేదు. బయటికి వస్తుంటే చేతికి శానిటైజరు రాసుకుంటున్నాడు, మేమేదో అంటించినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ తిరిగి లోపలికి పోలేదు. అతని గర్వం చూసి అసహ్యపడినంతసేపు నా పిరికితనం నాకు కనబడదు కదా, ఆ సుఖం కోసం తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

పది రోజుల గోలీలు అయిపోయాక మోకాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. మా వీధి చివర మందుల షాపు పరమేశ్ చీటీ అడగలేదు. "గా నొప్పి గోలీలేనా అక్కా? తీస్కపో" అని కత్తెరతో పట్టీ కత్తిరించి ఇచ్చాడు. అలా, ఆ నెల రక్తపరీక్ష ఇంకా రాకముందే, మూడు మందులు ఒక్క కడుపులోకి పోతున్నాయి. ఒక డాక్టరుకు ఒకటి తెలుసు, ఇంకొకాయనకు ఇంకొకటి. మూడూ తెలిసింది నాకొక్కదానికే.

చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చిన ఆ రోజే, మధ్యాహ్నం పన్నెండు కూడా కాకముందు, షైనితో పని చేసే అనూహ్య ఆటోలో దాన్ని ఇంటికి తీసుకొచ్చింది. షైని మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. మంచం మీద పడుకోబెట్టాము.

"ఆంటీ, నాకు ఒట్టు పెట్టింది గాని చెప్త" అంది అనూహ్య. "మూడు దినాల నుంచి దొడ్డికి నల్లగ, తారు లెక్క పోతుందంట. తొడల మీద కమిలిన మచ్చలు కూడ ఉన్నయి. మీకు చెప్తే బీట్‌రూట్ లొల్లి అయితదని చెప్తలేదు."

సల్వారు పైకి జరిపి చూశాను. ఎవరో కర్రతో కొట్టినట్టు తొడ మీద అరచెయ్యంత నలుపు, అంచుల్లో ఆకుపచ్చ. వాసన కూడా వచ్చింది, కుళ్ళిన నెత్తురు వాసన. నా బిడ్డ ఒంటి నుంచి. ముక్కు మూసుకోబోయిన చేతిని బలవంతాన దించాను.

తెలివి ఉన్న మనిషైతే అప్పుడే పుస్తకం వెనక నంబరుకు ఫోను చేసేది. నేను పరమేశ్ షాపుకు ఉరికాను, నాలుగు అడుగుల దూరం కదా అని.

"నల్లగ పోతుందా? గ్యాస్ అక్కా, గ్యాస్" అన్నాడు ఫోన్లో ఏదో వీడియో చూస్తూ. "ఒక సీసా ఇస్త, రెండు పూటలు పొయ్యి. గవ్వి మోకాళ్ళ గోలీలు అయిపోయినయా? ఇంకో పట్టీ ఇయ్యనా?"

అతని కత్తెర కౌంటరు అద్దం మీద తెరిచి ఉంది. దాన్ని మూసి అతని వైపు తోశాను.

"నీ గోలీలు నువ్వే మింగు" అన్నాను.

"గదేంది అక్కా, అడిగితేనే ఇచ్చిన గద!"

అదీ నిజమే. అడిగింది నేనే.

ఇంటికి వచ్చి బియ్యం డ్రమ్మును పక్కకు జరిపాను. పుస్తకం కింద తెల్ల పురుగులు. దులిపి, వెనక నంబరుకు ఫోను చేశాను. మూడేళ్ళ కిందటి సిస్టరో, వేరే ఆమెనో తెలియదు.

"అన్ని మందులు ఆపు. ఇంట్ల ఉన్న ప్రతి గోలి, ప్రతి పట్టీ, పూత మందు కూడ ఒక్క సంచిల ఏసుకో. రక్తం ఎక్కించే దవాఖాన దగ్గర్ల ఏది ఉంటే గక్కడికి ఇప్పుడే పో. పుస్తకం మర్చిపోకు తల్లీ."

సాలోమోను శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లకు నీళ్ళ ట్యాంకరు తోలుతాడు. ఫోను చేస్తే, "మళ్ల బీట్—" అని మొదలుపెట్టి నా ఏడుపు విని ఆగిపోయాడు. తాను వచ్చేసరికి ఆలస్యమవుతుందని చర్చి వాళ్ళకు ఫోను కొట్టాడు. పది నిమిషాల్లో చర్చి వ్యాను వచ్చింది. సంఘ పెద్ద ఫిలిప్ గారు నడుపుతున్నారు, పక్కన రోజీ అమ్మగారు.

హైవే మీదున్న దవాఖాన దాకా అమ్మగారు షైని తలను ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నారు. నేను సంచిని చంకలో బిగబట్టుకుని కూర్చున్నాను. పైన పట్టీలు, అడుగున పుస్తకం. ఇంత జరుగుతున్నా, పుస్తకం అంచు బయటికి కనబడుతోందేమోనని కొంగు కప్పాను. ఆ చెయ్యిని నరికేసుకోవాలనిపిస్తుంది ఇప్పుడు.

డ్యూటీలో భవిత అని చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. షైని కనురెప్ప లాగి చూసింది, కడుపు నొక్కింది, నర్సుతో రక్తం తీయించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏ ఏ మందులు వాడుతున్నారు?"

నొప్పి గోలీల పట్టీ, తామర గోలీల పట్టీ, పూత మందు బల్ల మీద పెట్టాను. నా వెనకే అమ్మగారి సెంటు వాసన వస్తోంది.

"ఇవేనా? ఇంకేమన్న ఉన్నయా?"

అదే ప్రశ్న. శిబిరంలో అడిగిన ప్రశ్నే. నా నాలుక 'లేవు' అనడానికి పైకి లేచింది. ఒట్టు, లేచింది. మంచం మీద నా బిడ్డ నెత్తురు లోపల్లోపలే కారిపోతోంది, నా వీపుకు మాత్రం అమ్మగారి చూపు గుచ్చుకుంటోంది.

"అమ్మా" అంది షైని కళ్ళు మూసుకునే. "పుస్తకం తియ్యి. డ్రమ్ము కిందికెళ్లి తెచ్చినవా, లేదా?"

తీసి బల్ల మీద పెట్టాను. విటమిన్ సీసా కూడా పెట్టాను. భవిత పుస్తకం తెరిచింది. ఛాతీ మీది గీత చూసింది. నన్ను చూసింది. చచ్చిన ఎలుకను తోకతో పట్టుకున్నట్టు ఆ నొప్పి గోలీల పట్టీని రెండు వేళ్ళతో ఎత్తింది.

"గుండెల లోహం కవాటం పెట్టుకొని, రక్తం పల్చన చేసే గోలి ఏసుకుంట, మీదికెళ్లి ఇదా? తామర గోలీ ఏమో ఆ గోలి జోరును ఎన్నో రెట్లు పెంచుతది. నొప్పి గోలీ కడుపుల పుండు చేస్తది. రెండూ కలిపి ఇచ్చిండ్రా? ఇచ్చినోళ్లకు గీ పుస్తకం చూపించినవా?"

"లేదు" అన్నాను.

"ఎందుకు?"

దానికి జవాబు నా వెనక నిలబడి ఉంది.

రక్తపరీక్ష వచ్చింది. రక్తం ఎంత పల్చనైందో చెప్పే అంకె మూడు దగ్గర ఉండాలట, తొమ్మిది దాటింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. సిటీలో గుండె డాక్టరుతో భవిత ఫోన్లో మాట్లాడి విరుగుడు మందు కొంచెం కొంచెంగా ఇచ్చింది. ఎక్కువ ఇస్తే కవాటం మీద గడ్డ కడుతుందట.

"ఇంకోటి విను" అంది నాతో. "నీకు భయం ఎక్కువ అనిపిస్తాంది. రక్తం కారిందని రేపు ఇంటికి పోయి నీ అంతట నువ్వు గుండె గోలి బందు వెట్టకు. గది కూడ చంపుతది. ఆపుడు, మళ్ల షురూ చేసుడు మేము చెప్తం."

నేను అదే అనుకుంటూ ఉన్నాను. నా మనసులోకి తొంగి చూసినట్టు చెప్పింది.

బయట వరండాలో రోజీ అమ్మగారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నేను పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుంటున్నాను. ఆమే ముందు మాట్లాడారు.

"రాహేలూ, గోలి మానమని నీకెవరు చెప్పిండ్రు?"

"మాన్పియ్యలేదు అమ్మగారూ. దాచిన."

"దాయమని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే. నేను గట్ల సాక్ష్యం చెప్పిన గద. అబద్ధమైతదని..."

ఆమె చేతిసంచి జిప్పు లాగి ఒక ప్లాస్టిక్ డబ్బా తీశారు. అందులో గోలీలు.

"గీవి నా షుగర్‌వి. గీవి అయ్యగారి బీపీవి. వాక్యం చెప్పే ముందు ఆయనకు నేనే గుర్తు చేస్త. నీకు గంత పెద్ద దేవుడు ఒక గోలీకి చిన్నగైపోతడా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "శిబిరంల నేను పక్కకు కూసోవద్దుండె. నన్ను చూసి నువ్వు అబద్ధమాడినవు. నేనేమో సాక్ష్యం బిడ్డ అని డప్పు కొట్టిన. థూ" అన్నారు.

ఆ ఉమ్ము ఇద్దరి మీదా సరిగ్గా పడింది. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ అడగలేదు. రేకుల కింద లేచిన ఒక్క స్తోత్రం కోసం మూడేళ్ళు నా బిడ్డ ప్రాణం పురుగులు పట్టిన చోట పెట్టాను.

తొమ్మిదో రోజు షైనిని ఇంటికి పంపారు. ఆ తర్వాత మూడో ఆదివారం చర్చికి పోయాము. ఆరాధన మధ్యలో ఫిలిప్ గారు మైకు పట్టుకుని, "దేవుడు సిస్టర్ రాహేలు బిడ్డను రెండోసారి బతికించిండు. సిస్టర్, సాక్ష్యం చెప్పాలె" అన్నారు. పక్కన కూర్చున్న షైని మోచేత్తో పొడిచింది.

"బీట్‌రూట్ సంగతి మాత్రం చెప్పకు."

లేచాను. పసుపు పుస్తకం చేతిలోనే ఉంది.

"మూడేండ్ల కింద గీడ నిలవడి మందుల్లేవు అని చెప్పిన. గది అబద్ధం. నా బిడ్డ దినాం గోలి ఏసుకుంటది, బతికినన్ని దినాలు ఏసుకుంటది. గా అబద్ధం నిలవెట్టుకోనీకి డాక్టర్ కాడ ఇంకో అబద్ధమాడిన. నొప్పికొక డాక్టరు, తామరకొక డాక్టరు, గుండెకొక డాక్టరు, ఒకరిది ఒకరికి చెప్పలే. బిడ్డ కడుపుల నెత్తురు కారింది. నాకు నన్ను చూస్తేనే రోత పుడుతాంది. గంతే."

స్తోత్రం అనలేదు ఎవరూ. ఒకావిడ పిల్లను ఒళ్ళోకి లాక్కుని తల వంచుకుంది. ఫిలిప్ గారు మైకు తీసుకుని, ఏమనాలో తెలియక పాట నంబరు చెప్పారు. నేను కూర్చున్నాను. పాట ఎత్తుకునేలోపు షైని గుండెలోని టిక్కు టిక్కు నాకు వినిపించింది.

ప్రార్థన అయిపోయి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి ఎవరో కొంగు లాగారు. ముత్తమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి, కోళ్ళ ఫారంలో గుడ్లేరుతుంది. నన్ను గోడ పక్కకు తీసుకుపోయి చీర కొంగు ముడి విప్పింది. అందులో వార్తాపత్రిక ముక్క, దాంట్లో పట్టీల్లేని గోలీలు. తెల్లవి, గులాబీవి, సగం విరిగినవి, చెమటకు ఒకదానికొకటి అతుక్కున్నవి.

"గీవి సర్కారు దవాఖానవి. గీ ఎర్రవి శామీర్‌పేట డాక్టర్ ఇచ్చిండు. గీ రెండు కుత్బుల్లాపూర్‌ల నా బిడ్డ వాళ్ల డాక్టర్‌వి. అన్నీ కలిపి పొద్దుగాల ఏసుకుంట, మర్చిపోకుండ. కండ్లు తిరుగుతున్నయి బిడ్డా. జర చూడు" అంది. చుట్టూ చూసి గుసగుసగా, "పాస్టరమ్మకు చెప్పకు. నాకు బాగైందని పోయిన క్రిస్మస్‌కు చెప్పిన" అంది.

ఆ గోలీల నుంచి చెమట, వక్కాకు, కోళ్ళ ఫారం కలిసిన వాసన వచ్చింది. అచ్చం నా మొహమే ముడి విప్పి చూపించినట్టుంది ఆ కొంగులో.

కాగితాన్ని అలాగే మడిచి నా గుప్పిట్లో పెట్టుకుని, రెండో చేత్తో ముత్తమ్మ మణికట్టు పట్టుకున్నాను. గేటు దగ్గర రోజీ అమ్మగారు అందరికీ వందనాలు చెబుతున్నారు. అటు నడిచాను.

"ఏయ్, గటెందుకే? ఇడిసిపెట్టు! నీకు దండం పెడ్త, ఇడిసిపెట్టే!" అంటూ ముత్తమ్మ వెనక్కి గుంజుతోంది.

నేను వదల్లేదు.